మూగబోయిన పియానో మళ్లీ పాడితే...

పాత తెలుగు సినిమాలు చూసినవారికి పియానోని కొత్తగా పరిచయం చేయక్కర్లేదు. విశాలమైన హాలు, మెలికలు తిరిగిన మేడమెట్లు, నాయిక పుట్టినరోజు పార్టీ. సూటు వేసుకున్న కథానాయకుడు నల్లగా నిగనిగలాడే పియానో ముందు కూర్చుంటాడు. మనసులోని బాధంతా పాటలోకి ఒలకబోస్తాడు. కాఫీ కప్పులు పట్టుకున్న అతిథులకు సంగతి అర్థంకాదు. మేడమీద నిలబడ్డ నాయికకు మాత్రం ఒక్కో మాటా సూదిలా గుచ్చుకుంటుంది. పాట అయిపోతుంది, కథ ముందుకు వెళ్తుంది. ఆ పియానో ఆ తర్వాత ఏమైందన్నది మాత్రం ఎవరికీ పట్టదు.

నిజం పియానోల గతీ ఇంచుమించు అంతే. బ్రిటిష్‌వాళ్ల కాలంలో ఓడలెక్కి మద్రాసు, బొంబాయి, కలకత్తా రేవుల్లో దిగిన పియానోలు క్లబ్బుల్లో, చర్చిల్లో, మిషన్ స్కూళ్లలో, సంపన్నుల బంగళాల్లో కొలువుదీరాయి. వాయించేవాళ్లు పోయారు. వాద్యాలు మిగిలాయి. మూత మూసేస్తే పూలకుండీ పెట్టుకోవడానికి వీలైన బల్ల. మూత తీసి మెట్టు నొక్కితే ఒకటి కిందికి దిగి పైకి లేవదు. ఇంకొకటి లేస్తుంది గానీ పలకదు. పలికిందేమో అపశ్రుతి!

ఇలాంటి పియానోని బాగుచేయించవచ్చా? చాలా వాటిని చేయించవచ్చు. అయితే ఆ పని తెలిసినవాళ్లను అంతకన్నా ఎక్కువగా వేధించే ప్రశ్న మరొకటుంది. బాగుచేశాక వినిపించేది ఆ పాత పియానో గొంతేనా? లేక పాత పెట్టెలోంచి కొత్త గొంతు పాడుతోందా? ఈ ప్రశ్నకు ప్రపంచంలోని అతిపాత పియానోలే సాక్ష్యం చెబుతాయి.

ముగ్గురు తోబుట్టువులు

పియానోని కనిపెట్టింది బార్తొలొమియో క్రిస్టొఫొరి. ఇటలీలోని పాదువాలో 1655లో పుట్టాడు. ఫ్లోరెన్స్‌లో మెదిచీ వంశపు రాకుమారుడి కొలువులో వాద్యాలు చేసేవాడు, బాగుచేసేవాడు. అప్పటికి ఐరోపాలో మెట్లతో వాయించే వాద్యమంటే హార్ప్సికార్డ్. అందులో మెట్టు నొక్కితే ఈక మొనలాంటిది తీగను మీటుతుంది. వేలు గట్టిగా పడినా, మెత్తగా పడినా శబ్దం దాదాపు ఒకటే. క్రిస్టొఫొరి మీటడం మానేసి, చిన్న సుత్తితో తీగను కొట్టించాడు. వేలి బలాన్నిబట్టి స్వరం మెల్లగానూ, గట్టిగానూ పలికింది. ఇటాలియన్‌లో మెల్లగా అంటే ‘పియానో’, గట్టిగా అంటే ‘ఫోర్టే’. ఆ రెండూ కలిసిన పేరే కాలక్రమంలో కుదించుకుపోయి పియానో అయింది. 1700 నాటి మెదిచీల వాద్యాల జాబితాలో ఈ కొత్త వాద్యం ప్రస్తావన కనిపిస్తుంది.

ఆయన చేతుల్లో తయారైన పియానోల్లో ఇప్పటికి మిగిలినవి మూడే. 1720 నాటిది న్యూయార్క్‌లోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో ఉంది. 1722 నాటిది రోమ్‌లో, 1726 నాటిది జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఉన్నాయి. ముగ్గురు తోబుట్టువులనుకుంటే ముగ్గురిదీ తలో తలరాత.

రోమ్‌లోని దాన్ని పురుగు తినేసింది. వాయించడానికి వీల్లేదు. లైప్‌జిగ్‌లోని దాన్ని ఒకప్పుడు వాయించి రికార్డు చేశారుగానీ తర్వాత అదీ మౌనముద్రలోకి వెళ్లిపోయింది. పాడగలిగేది న్యూయార్క్ పియానో ఒక్కటే. కానీ అది పాడేది తన సొంత గొంతుతో కాదు. తర్వాతి తరాల పనివాళ్లు దాన్ని చాలా మార్చేశారు. స్వరాల పరిధిని జరిపారు. 1938లో ఏకంగా సౌండ్‌బోర్డునే మార్చి కొత్తది వేశారు. పియానోకి సౌండ్‌బోర్డు అంటే వీణకు కుండ లాంటిది. నాదమంతా పుట్టేది అక్కడే. దాన్ని మార్చాక క్రిస్టొఫొరి చెవి విన్న ధ్వని అందులో మిగిలిందని ఎలా చెప్పగలం?

పాడేదానికి సొంత గొంతు లేదు. సొంత ఒళ్లు మిగిలినవి పాడలేవు. పాత పియానోని బాగుచేయడంలోని చిక్కంతా ఈ మూడింటిలోనే ఉంది.

పెట్టెలో నాలుగు ఏనుగులు

ఈ చిక్కు ఎందుకొచ్చిందో తెలియాలంటే పియానో లోపలికి తొంగిచూడాలి. ఈ కాలపు పియానోలో తెల్ల మెట్లు 52, నల్ల మెట్లు 36... మొత్తం 88. తీగలు 230 దాకా ఉంటాయి. మంద్రంలో ఒక్కో స్వరానికి రాగి చుట్టిన లావుపాటి తీగ ఒక్కటే సరిపోతుంది. మధ్యలో రెండేసి, పైస్థాయిలో మూడేసి తీగలు ఒకే స్వరం పలుకుతాయి. ఒక్కో తీగ దాదాపు 70 నుంచి 80 కిలోల బలంతో లాగుతూ ఉంటుంది. అన్నీ కలిపితే 18 నుంచి 20 టన్నులు. అంటే హాల్లో ఓ మూల బుద్ధిగా కూర్చున్న ఆ పెట్టె నాలుగు మగ ఏనుగుల బరువుతో సమానమైన లాగుడును రాత్రీపగలూ ఓర్చుకుంటోందన్నమాట!

వయొలిన్‌తో పోల్చిచూడండి. దాని నాలుగు తీగల లాగుడూ కలిపినా పాతిక కిలోలకు అటూఇటూ. అందుకే మూడు వందల ఏళ్లనాటి వయొలిన్‌ని ఇప్పటికీ కచేరీల్లో వాయిస్తున్నారు. పియానో అలాకాదు. పాతబడేకొద్దీ అరుగుతుంది, అలుస్తుంది. అది వాద్యమే కాదు, యంత్రం కూడా. పెద్ద కచేరీ పియానోలో 12 వేలదాకా భాగాలుంటాయి.

ఈ లాగుడును తట్టుకోవడానికి లోపల పోతపోసిన ఇనుప చట్రం ఉంటుంది. అది మొదటినుంచీ లేదు. బోస్టన్‌కు చెందిన అల్ఫియస్ బాబ్‌కాక్ 1825లో ఒకే పోతతో చేసిన ఇనుప చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు పియానోల ఒళ్లంతా ప్రధానంగా చెక్కే. వాటికి నేటి తీగలు వేసి నేటి శ్రుతికి బిగిస్తే చట్రం వంగిపోతుంది, చీలిపోతుంది. పాత పియానో వయసు తెలుసుకోకుండా శ్రుతి చేయబోవడం ముసలాయన్ని లేపి పరుగుపందెంలో నిలబెట్టడం లాంటిదే.

చెమ్మ, చిమ్మట, చిట్టెలుక

పియానోకి శత్రువులు చాలామందే. మొదటిది చెమ్మ. సౌండ్‌బోర్డు స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు చెక్కతో చేసిన పల్చటి పలక. మధ్యలో కాస్త పైకి ఉబ్బి ఉంటుంది. వానాకాలం గాలిలోని తేమను పీల్చుకుని ఉబ్బుతుంది, ఎండాకాలం ముడుచుకుంటుంది. ఏటా ఇదే వరస. కొన్నాళ్లకు ఆ ఉబ్బు చదునైపోతుంది, పలక పగుళ్లిస్తుంది. మెట్ల కింద ఉండే చిన్నచిన్న ఇరుసులకు ఉన్ని గుడ్డ తొడుగులుంటాయి. చెమ్మకు అవి బిగుసుకుపోతే నొక్కిన మెట్టు పైకి లేవదు.

రెండో శత్రువు చిమ్మట. పియానో సుత్తుల తలలు చెక్కవి కావు. గట్టిగా అదిమిన గొర్రె ఉన్నితో... అంటే ఫెల్టుతో చేస్తారు. తీగ మోతను ఆపే దిండ్లూ ఉన్నివే. చిమ్మట పిల్లలకు ఇంతకన్నా విందేముంది? ఇక ఎలుకలు. చీకటి, వెచ్చదనం, పరుపుకి కావలసినంత ఉన్ని... మెట్ల కింద కాపురం పెట్టడానికి అన్ని సదుపాయాలూ ఉన్న ఇల్లది. చెదలు సరేసరి.

చివరి శత్రువు మనిషే. వాయించకపోవడం, పైన పూలకుండీ పెట్టి నీళ్లు పోయడం, ఒక కిటికీ పక్కకు ఎండలోకి జరపడం. పియానోకి జబ్బు తెచ్చేవాటిలో ఇవీ తక్కువేం కాదు.

ముందు పరీక్ష... తర్వాతే వైద్యం

అనుభవమున్న పనివాడు రాగానే స్క్రూడ్రైవర్ తీయడు. టార్చిలైటు తీస్తాడు. మొదట చూసేది ఇనుప చట్రాన్ని. దానికి పగులుంటే చాలావరకు కథ కంచికే. తర్వాత తీగల్ని బిగించే పిన్నులు. వీణకు బిరడాలెలాగో పియానోకి ఇవి అలాగ. దిట్టమైన చెక్కదిమ్మలోకి దిగగొట్టి ఉంటాయి. ఆ చెక్క చీలినా, రంధ్రాలు వదులైనా పిన్ను నిలబడదు. ఉదయం శ్రుతి చేస్తే సాయంత్రానికి జారిపోతుంది. పిన్నులు కాస్త వదులైతే వాటిని తీసేసి కొంచెం లావువి వేయవచ్చు. దిమ్మే చీలితే దాన్ని మార్చాలి. అది చిన్న పని కాదు.

ఆ తర్వాత సౌండ్‌బోర్డు, దానిమీద తీగల్ని మోసే వంతెన... వీణమీద గుర్రంలాంటిది. పలకకు పగులు కనిపించగానే కంగారుపడక్కర్లేదు. పగిలినా జర్రుమనకుండా పలుకుతుంటే దాన్ని అలాగే వదిలేయవచ్చు. పగులులో అదే జాతి చెక్క చీలికను దూర్చి అతికించవచ్చు. పూర్తిగా మార్చడం ఆఖరి మార్గం. న్యూయార్క్ పియానోకి జరిగింది ఆ ఆఖరిదే.

ఇక్కడే ఓ చేదు నిజం చెప్పుకోవాలి. పాతదైనంత మాత్రాన ప్రతి పియానో విలువైనది కాదు. ఒక్క అమెరికాలోనే 1909లో మూడున్నర లక్షలకు పైగా పియానోలు తయారయ్యాయి. గ్రామఫోను, రేడియో వచ్చాక ఆ జోరు తగ్గిపోయింది. అప్పటి సాదాసీదా రకాల్లో చాలా వాటికి మరమ్మతు ఖర్చు వాటి విలువను మించిపోతుంది. నిజాయతీ ఉన్న పనివాడు ఆ మాట ముందే చెబుతాడు. తాతమ్మ వాయించిన పియానో అయితే లెక్క వేరు. అప్పుడు ఖర్చుపెట్టేది పియానోమీద కాదు, జ్ఞాపకంమీద. అది ఇంటివాళ్లు తెలిసి తీసుకోవాల్సిన నిర్ణయం.

విప్పడానికీ ఓ విద్య ఉంది

పని మొదలయ్యేది ఫొటోలతో, పుస్తకంలో రాతలతో. ఏ మరమేకు ఎక్కడిదో, ఏ కాగితపు రింగు ఏ మెట్టు కిందిదో రాసిపెట్టుకోవాలి. మెట్లమీద ఒకటినుంచి వరసగా అంకెలుంటాయి. తయారుచేసినప్పుడే వేస్తారు. లేకపోతే పెన్సిల్‌తో వేసుకోవాలి. ఎందుకంటే చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా ఏ మెట్టూ మరో మెట్టు చోట సరిగ్గా కూర్చోదు.

మెట్లు తీశాక కింద దొరికేవి చూస్తే ఇంటి చరిత్రంతా బయటపడుతుంది. పెన్సిళ్లు, గుండీలు, జడపిన్నులు, చెల్లని నాణేలు. వాటితోపాటు ఏళ్లనాటి దుమ్ము, ఎలుకల రెట్ట. మెట్ల బరువు సరిచూడటానికి లోపల సీసం బిళ్లలు పొదుగుతారు. అవి పాతబడితే తెల్లటి బూజులాంటి పొడి కడతాయి. సీసం విషం. అందుకే ముక్కుకి మాస్కు కట్టుకోకుండా ఊడవకూడదు. చీపురుతో లేపకుండా మెల్లగా పీల్చితీయాలి.

తర్వాత అతుకుల పని. పాత పియానోల్లో చెక్కను అతికించింది సరేసుతో... జంతు చర్మాలను ఉడికించి తీసే వడ్రంగుల జిగురు. దీనికో గొప్ప గుణముంది. వేడి, తడి తగిలిస్తే మెత్తబడి అతుకు ఊడివస్తుంది. అంటే వందేళ్ల తర్వాత ఇంకో పనివాడు వచ్చి, ఈ పనివాడు చేసిన తప్పును దిద్దవచ్చు. ఈ కాలపు ఎపాక్సీ జిగురు రాయిలా పట్టేస్తుంది. దాన్ని విప్పాలంటే చెక్కను కోసుకోవడమే. అందుకే మంచి పనివాళ్లు పాత వాద్యానికి పాత జిగురే వాడతారు. గట్టిగా అతకడంకన్నా అవసరమైతే ఊడిరావడం ముఖ్యమనుకునే వృత్తులు లోకంలో తక్కువే!

సుత్తులమీద ఏళ్ల తరబడి తీగలు తగిలి గాడులు పడతాయి. ఉన్ని మిగిలి ఉంటే గరుకు కాగితంతో పొరలుపొరలుగా రుద్ది మళ్లీ గుండ్రటి ఆకారానికి తెస్తారు. అందులో ఉన్ని మరీ గట్టిపడి స్వరం కీచుమంటుంటే సూదులతో గుచ్చి మెత్తబరుస్తారు. ఒక్కపోటు ఎక్కువైతే స్వరం మొద్దుబారిపోతుంది. గుచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడం తేలిక కాదు.

ఆ పైన సర్దుబాట్లు. మెట్టు కిందికి దిగేది సుమారు పది మిల్లీమీటర్లు. సుత్తిని మెట్టు తీగదాకా నెట్టుకుపోదు. తీగకు రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలోనే విడిచిపెట్టేస్తుంది. ఆ కాస్త దూరమూ సుత్తి విసురుకి ఎగిరి తగిలి వెనక్కి వస్తుంది. అలా విడవకపోతే సుత్తి తీగకు అతుక్కుని మోతను తనే చంపేస్తుంది. క్రిస్టొఫొరి ఆలోచనలోని గొప్పతనమంతా ఈ విడుపులోనే ఉంది. ఆ విడుపును 88 మెట్లకూ ఒకేలా సరిచేయాలి. ఒక్కో మెట్టుకూ తడవతడవకూ పది చోట్ల సర్దాలి. పూర్తి మరమ్మతుకు నెలలు పట్టేది ఇందుకే.

శ్రుతి అనే తపస్సు

తీగలకు తుప్పు పైపైనే ఉంటే శుభ్రంచేసి వాడొచ్చు. లోపలిదాకా తింటే మార్చాలి. పాత తీగ మందాన్ని కొలిచి అదే మందంలో కొత్తది వేయాలి. రాగి చుట్టిన మంద్రపు తీగల్ని పాతవాటి కొలతల ప్రకారం ప్రత్యేకంగా చేయించాలి.

ఏళ్ల తరబడి ముట్టుకోని పియానో శ్రుతి బాగా కిందికి జారిపోయి ఉంటుంది. దాన్ని ఒక్క పూటలో పైకి లాగకూడదు. బరువు టన్నుల్లో పెరుగుతుందన్న సంగతి మరచిపోకూడదు. ఓ చివరి తీగలు బిగించేసరికి సౌండ్‌బోర్డు అణిగి, ముందు బిగించినవి మళ్లీ కిందికి జారతాయి. అందుకే మొదటి విడత ఉజ్జాయింపుగా, రెండో విడత దగ్గరగా, కొన్ని వారాల తర్వాత కచ్చితంగా... ఇలా మెట్టుమెట్టుగా పైకి తేవాలి. కొత్త తీగలైతే సాగుతూనే ఉంటాయి. మరికొన్ని విడతలు తప్పవు.

శ్రుతి చేసేవాడు వినేది స్వరాన్ని కాదు, అలల్ని. ఒక తీగ సెకనుకు 440సార్లు, పక్క తీగ 442సార్లు కంపిస్తుంటే రెండూ కలిసి సెకనుకు రెండుసార్లు ఉబ్బి తగ్గుతున్నట్లు వినిపిస్తాయి. బిగిస్తూపోతే ఆ అల నెమ్మదిస్తుంది. పూర్తిగా ఆగిన క్షణాన రెండూ ఒకటైనట్లు. తంబురా శ్రుతి చేసేవారికి ఈ అనుభవం కొత్తకాదు.

కానీ తంబురాకీ పియానోకీ ఓ తేడా ఉంది. మన సంగీతంలో సా–పా కచ్చితంగా కలవాలి. పియానోలో ఆ దూరాన్ని కావాలనే వెంట్రుకవాసి తగ్గిస్తారు. ఏ మెట్టునైనా షడ్జమంగా పెట్టుకుని వాయించడానికి వీలుగా స్థాయిని 12 సమభాగాలు చేయడంవల్ల వచ్చిన రాజీ అది. ఏ ఒక్క స్వరానికీ పూర్తి న్యాయం జరగదు, ఏదీ మరీ అన్యాయమైపోదు!

440 అన్నది కూడా అనాది నియమం కాదు. 1939లో లండన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని ప్రమాణంగా సిఫారసు చేసింది. అంతకుముందు ఊరికో శ్రుతి, కాలానికో శ్రుతి. కాబట్టి 1850ల నాటి పియానోని 440కి బిగించాలనుకున్నప్పుడే ఆ వాద్యానికి తెలియని కొత్త కట్టుబాటును దానిమీద రుద్దుతున్నట్లు లెక్క.

తెల్లమెట్ల వెనక నల్లకథ

పాత పియానో తెల్లమెట్లు చాలావరకు ఏనుగు దంతం పలకలే. గుర్తుపట్టడం తేలిక. దంతం పలక వెడల్పు భాగం, సన్నటి భాగం విడివిడి ముక్కలు. రెండూ కలిసేచోట సన్నగీత కనిపిస్తుంది. ప్లాస్టిక్ అయితే ఒకే ముక్క. ఒకప్పటి పియానోల జోరుకు ఆఫ్రికాలో ఎన్నో ఏనుగులు బలయ్యాయి. ఆఫ్రికా దంతం అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాలని 1989లో ప్రపంచ దేశాలు నిర్ణయించాయి. ఆసియా ఏనుగుల దంతంమీద ఆంక్షలు 1970ల నుంచే ఉన్నాయి.

మరి ఊడిపోయిన దంతం పలక చోట ఏం పెట్టాలి? మన దేశంలో దంతం కొనడం, అమ్మడం నేరం. ఊడిన ముక్క ఇంట్లోనే దొరికితే దాన్నే తిరిగి అతికించాలి. దొరక్కపోతే రంగు కలిసే ప్లాస్టిక్ పలక వేసుకోవాలి. నాలుగు పలకలు పోయాయని మిగతా 48 దంతపు పలకల్నీ పీకేయించేవాళ్లున్నారు. చనిపోయిన ఏనుగుకి అదేమీ న్యాయం చేసినట్లు కాదు. ఉన్నవాటిని కాపాడుకుంటూ కొత్తగా దంతం అడగకపోవడమే మర్యాద.

బీతోవెన్ పియానో, షోపెన్ పియానో

క్రిస్టొఫొరి పియానోల దగ్గర మొదలైన ప్రశ్న తర్వాతివాటినీ వదల్లేదు. లండన్‌లోని బ్రాడ్‌వుడ్ కంపెనీ 1817 చివర్లో బీతోవెన్‌కు ఓ పియానోని కానుకగా పంపింది. ఓడలో ట్రీస్టె రేవుకి, అక్కణ్నుంచి బండిమీద కొండలు దాటుకుని 1818లో వియన్నా చేరింది. అప్పటికే ఆయనకు వినికిడి దాదాపు పోయింది. 1824లో వెళ్లి చూసిన ఓ అతిథికి అందులో పైస్థాయి స్వరాలు పలకనే లేదు. తెగిన తీగలు ముళ్లకంపలా చిక్కుపడి ఉన్నాయి. బీతోవెన్ తర్వాత అది చేతులు మారి సంగీతకారుడు లిస్ట్ దగ్గరకు, ఆయన ద్వారా బుడాపెస్ట్‌లోని హంగరీ నేషనల్ మ్యూజియానికి చేరింది. 1990ల తొలినాళ్లలో దానికి మరమ్మతు చేసి బీతోవెన్ రచనల్ని దానిమీదే వాయించి రికార్డు చేశారు. ఆ ధ్వని విన్నవారికి అది వరమే. కానీ కచ్చితంగా బీతోవెన్ ముందున్నప్పటి ధ్వనేనా అంటే ప్రమాణం చేసేవారెవరూ లేరు.

షోపెన్ పియానోది ఇంకో కథ. వార్సాలో ఆయన యౌవనంలో వాయించిన బుఖోల్ట్స్ పియానో ఆయన చనిపోయాక చెల్లెలి ఇంట్లో ఉండేది. 1863లో రష్యా సైనికులు దాన్ని కిటికీలోంచి వీధిలోకి విసిరేశారు. బాగుచేయడానికి ఏమీ మిగల్లేదు. చివరికి పోలండ్‌లోని షోపెన్ సంస్థ అదే తయారీదారు శైలిలో నకలు చేయించింది. అది 2018లో జనం ముందుకొచ్చింది. పాత ధ్వని ఎలా ఉండేదో తెలుసుకోవడానికి ఇదో దారి. అసలు వాద్యాన్ని కదిలించకుండా వదిలేసి, కొలతలు తీసుకుని, నకలు చేసి దాన్ని వాయించడం. క్రిస్టొఫొరి పియానోలకూ ఇలాంటి నకళ్లు వచ్చాయి. అసలుది సాక్ష్యం చెబుతుంది. నకలు పాట పాడుతుంది.

మ్యూజియం వస్తువుకు ఆ దారి సరే. ఇంట్లో పియానోకి నకలు ఎవరు చేయిస్తారు? అది పలకాలి. పిల్లలు దానిమీద నేర్చుకోవాలి. మ్యూజియం నియమాన్ని ఇంటికి తెచ్చి ‘ముట్టుకోకండి’ అని బోర్డు పెడితే అది మళ్లీ పూలకుండీ బల్లే అవుతుంది. ఇంటి నియమాన్ని మ్యూజియానికి తీసుకెళ్తే 1938లో జరిగినదే మళ్లీ జరుగుతుంది. ఎవరి పియానోకి ఏ నియమమో తేల్చుకోవడంలోనే పనితనంలో సగం ఉంది.

మన వానకు ఓర్చేలా

మన దేశానికి పంపే పియానోల విషయంలో ఇంగ్లండ్ కంపెనీలు ఓ జాగ్రత్త తీసుకునేవి. ఉష్ణదేశాల కోసం ప్రత్యేకంగా చేసినవాటిలో అతుకుల్ని జిగురుకే వదిలేయకుండా ఇత్తడి మరమేకులు, పట్టీలు బిగించేవారు. పల్చటి చెక్కపొర అతికించే బదులు దిట్టమైన గట్టి చెక్క వాడేవారు. పాత పియానోకి అలాంటి ఇత్తడి కట్లు కనిపిస్తే అది ఈ వానల్ని దృష్టిలో పెట్టుకుని పుట్టిందని అర్థం. పాలిష్ చేయించే ఉత్సాహంలో వాటిని పీకేయకూడదు.

వాటికి తగ్గ వ్యాపారమూ ఇక్కడ పెరిగింది. మద్రాసులో 1842లో మొదలైన మ్యూజీ మ్యూజికల్, బొంబాయిలో 1865లో మొదలైన ఫుర్టాడోస్ ఆ కాలపు పేర్లే. కలకత్తా జొరాసాంకోలోని ఠాకూర్ల ఇంట్లో జ్యోతిరింద్రనాథ్ పియానోమీద బాణీలు కడుతుంటే తమ్ముడు రవీంద్రనాథ్ వాటికి మాటలు అల్లేవాడు. పరాయి వాద్యం మన పాటకు పురుడు పోసిన సందర్భాలు అలాంటివి ఉన్నాయి. దాన్ని తుక్కుకి వేసేముందు ఒక్కసారైనా ఆలోచించడానికి అదో కారణం.

ఇంట్లో పాత పియానో ఉన్నవాళ్లు చేయాల్సినవి పెద్ద పనులేం కావు. ఎండ తగిలే కిటికీకి, వాన కొట్టే గోడకు, ఏసీ గాలికి ఎదురుగా లేకుండా జరపాలి. జరిపేటప్పుడు ఒక్కరూ సాహసించకూడదు. ఇనుప చట్రం బరువుకి అది వెనక్కి పడితే ఎముకలు విరుగుతాయి. గదిలో తేమ ఏడాది పొడవునా 40–50 శాతం మధ్య ఉంటే మేలు. మన ఊళ్లలో అది కష్టమే కాబట్టి కనీసం ఒక్కసారిగా మారకుండా చూసుకోవాలి. వానాకాలం లోపల వెచ్చగా ఉంచడానికి తక్కువ వాట్ల బల్బు వెలిగించే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అది చెక్కకు, ఉన్నికి తగిలితే నిప్పే. దానికోసం ప్రత్యేకంగా చేసిన హీటర్లు ఉన్నాయి. మెట్లకు నూనె రాయకూడదు. తీగలమీద తుప్పు వదిలించే స్ప్రే కొట్టనే కూడదు. అది జారి పిన్నుల రంధ్రాల్లోకి దిగిందంటే ఆ పిన్ను ఇక పట్టు నిలుపుకోదు.

పనివాణ్ని పిలిచాక అడగాల్సిన మొదటి ప్రశ్న ‘ఎంతవుతుంది?’ కాదు. ‘ఏమేం మార్చకుండా పని జరుగుతుంది?’ అని అడగాలి. జవాబు చెప్పడానికి తడబడేవాడికన్నా లెక్కపెట్టి చెప్పేవాడు నయం. మార్చక తప్పనివాటిని మార్చాక, తీసేసిన పాత సుత్తుల్ని, తీగచుట్టల్ని, ఉన్ని ముక్కల్ని గుడ్డసంచీలో వేసి, ఏది ఎప్పుడు ఎందుకు తీశారో కాగితంమీద రాసి, అది పియానో లోపలే ఓ మూల కట్టిపెట్టమనాలి. వందేళ్ల తర్వాత ఎవరో మళ్లీ టార్చిలైటుతో మూత తీస్తారు. ఆ సంచీ వాళ్లకు దొరకాలి.